ఊరుమ్మడి భోజనశాలలో నాపరాళ్లు, కలంకారీ, తోలుబొమ్మ దీపాలు: ఏది నిలుస్తుంది, ఏది పాడవుతుంది?

పల్నాటి_పొద్దు అడిగిన ప్రశ్న:

నమస్కారమండీ. మాచర్ల దగ్గర ఊళ్లో ఊరుమ్మడి భోజనశాల కడుతున్నాం. లోపలి కొలత 60 అడుగులు × 40, ఎత్తు 12. పైన చదును స్లాబు, చుట్టూ ఇటుక గోడ, వంటగది పడమటి పొట్టి గోడ వెనక. బంతికి 120 మంది కూర్చోవాలి. అందులో 80 మంది కింద, మోకాళ్లు వంగని పెద్దవాళ్ల కోసం 40 మందికి బల్లలు. కులభేదం లేకుండా అందరూ ఒకే బంతిలో తినే బ్రహ్మనాయుడి చాపకూడు పుట్టిన సీమ కాబట్టి కింద కూర్చునే బంతికే పెద్దపీట అని అందరం ఒప్పుకున్నాం.

కమిటీలో వచ్చిన ఆలోచనలు ఇవి. నేలకు మన నాపరాళ్లు. చేతులు కడిగే తొట్టికి దుర్గి శిల్పుల చెక్కుడు. గోడలకు పిడుగురాళ్ల సున్నంతో గచ్చు, వాటి మీద పెడన కలంకారీ. నిమ్మలకుంట తోలుబొమ్మల తీరులో దీపాలు. పైకప్పు కింద మేదరి తడికలు. బంతికి వరంగల్ జంపఖానాలు. అల్మారాలకు, కొక్కేలకు ఏటికొప్పాక లక్క గుబ్బలు.

అన్నిటికీ డబ్బు చాలదు. ఆవిరి, నూనె, పసుపు, చారు, రోజూ కడుగుడు, వీటి మధ్య ఏది నిలుస్తుందో, ఏది రెండేళ్లకు చెత్తబుట్టలో పడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాల లోపు తెరవాలని ఉంది.

---

నాపరాయి_మేస్త్రి:

ముందు బంతి కొలత తేల్చుకోండి, రాయి సంగతి తర్వాత. మనిషికి 2 అడుగుల వెడల్పు. కూర్చోడానికి 2 అడుగులు, ఆకుకు అడుగున్నర, వడ్డించేవాళ్లు నడవడానికి 4 అడుగులు, మళ్లీ ఎదుటి ఆకు అడుగున్నర, ఎదుటివాళ్లు కూర్చోడానికి 2. మొత్తం 11. వీపుల వెనక మనిషి దాటడానికి ఇంకో 2 కలిపితే ఎదురెదురు జంట వరసకు 13 అడుగులు. రెండు జంటలకు 26. బల్లల జంటకు బల్ల అడుగున్నర, కుర్చీ రెండున్నర, మధ్య దారి 4, మొత్తం 12. అంతా కలిపి 38, మీ 40లో పడుతుంది. వరసకు 20 మంది అంటే 40 అడుగులు. మిగిలిన 20 అడుగుల్లో ఒక చివర వడ్డన గట్టు, రెండో చివర తొట్టి. వడ్డన దారి 4 అడుగుల కన్నా తగ్గించారో, సాంబారు బకెట్టుతో వచ్చేవాడూ అన్నం గంపతో వచ్చేవాడూ ఢీకొంటారు.

ఇంకొక మాట. బల్లల భాగాన్ని గట్టులాగా ఎత్తి కట్టమని ఎవరో ఒకరు అంటారు, చూడ్డానికి బాగుంటుందని. వద్దు. చాపకూడు పేరు చెప్పుకొని కొందరిని పైన, కొందరిని కింద కూర్చోబెడితే అర్థమే పోతుంది. నేల మట్టం ఒక్కటే ఉండాలి. బల్లలు గుమ్మానికి దగ్గరగా ఉంటే చాలు.

రాయి గురించి. నాపరాయి సున్నపురాయే, తాండూరు బండ, కడప బండ, బేతంచెర్ల బండ కూడా అంతే. పులుపు తగిలితే పై పొర తింటుంది. నిమ్మకాయ చుక్క వేసి చూడండి, సన్నగా నురగ వస్తుంది. మెరుగు పెట్టిన రాయి మీద చారు ఒలికి పది నిమిషాలు ఉంటే తెల్లటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయి కరిగిన చోటు. తుడిస్తే పోదు. సీలర్ కొట్టిస్తే నూనె, పసుపు లోపలికి ఇంకవు గానీ పులుపు తినడం ఆగదు. అందుకే నేలకు మెరుగు వద్దు, గరుకు ముఖమే ఉంచండి. మచ్చ పడినా కనపడదు, తడి కాలు జారదు. బల్లల పైన మాత్రం నాపరాయి వద్దే వద్దు, నల్ల గ్రానైటు వేయండి. 20 మి.మీ. మందంలో 6 అడుగులు × అడుగున్నర పలక 45 కిలోలు తూగుతుంది, కాబట్టి ఆ బల్లలు కదలవు. కదిలే బల్లలు కావాలంటే టేకు పలకలే.

ఆకు వేసే పట్టీని అడుగున్నర వెడల్పున పసుపు తాండూరు బండతో, మిగతా నేలను మన రాయితో పరవండి. బంతి గీత నేలలోనే ఉంటుంది, ముగ్గుపిండితో గీత గీయక్కర్లేదు. పసుపు మరక పసుపు రాయి మీద కనపడదు కూడా.

వాలు విషయంలో ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. బాత్రూములాగా వాలు ఇస్తే ఆకులో పాయసం ఒక పక్కకు జారుతుంది. హాలు పొడవునా మధ్య నుంచి రెండు చివరలకు 30 అడుగులకు రెండున్నర అంగుళాలు మాత్రమే ఇవ్వండి. వడ్డన దారి నడిమధ్యన మాత్రం అంచుల కన్నా అర అంగుళం పల్లం చేయండి. కడిగిన నీళ్లు ఆ పల్లంలో చేరి చివర జాలీ దాకా పోతాయి, ఆకు పట్టీ దాదాపు చదునుగానే ఉంటుంది.

పరిచాక ప్రతి బండనూ కర్రతో తట్టి చూడండి. డొల్ల మోత వచ్చిన బండను అప్పుడే లేపి మళ్లీ వేయించాలి. దాని మీద ఎప్పుడో గుండిగ పడుతుంది, పగిలేది అదే. ఇంకోటి, టాయిలెట్లు కడిగే ఆసిడ్ ఈ నేలకు పనికిరాదని పనివాళ్లకు మొదటి రోజే చెప్పండి.

---

దుర్గి_ఉలి:

తొట్టి గురించి నేను చెప్తా. బంతి ఒకేసారి లేస్తుంది కాబట్టి 120 మందికి 10 కుళాయిలైనా ఉండాలి. రెండడుగులకు ఒకటి, తొట్టి 20 అడుగులు. గట్టు ఎత్తు 32 అంగుళాలు, పిల్లల కోసం చివరి 4 అడుగులు 24 అంగుళాలకు దించండి.

చెక్కుడు తొట్టి ముందు ముఖం మీదే ఉండాలి. లోపల గానీ, అంచు పైన గానీ వద్దు. లోపల చెక్కితే ప్రతి గాడిలో మెతుకు ఇరుక్కుంటుంది, మూడో రోజుకు వాసన. ముందు ముఖం మీద కూడా లోతు 5 మి.మీ. దాటొద్దు, గాడి అంచులు నిటారుగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. అప్పుడే కొబ్బరి పీచుతో ఒక్కసారి రుద్దితే శుభ్రమవుతుంది. తొట్టి లోపలి పలక గ్రానైటుదే పెట్టించండి, సబ్బూ పులుసూ కలిసి నాపరాయిని గుంటలు చేస్తాయి. బొమ్మల్లో లతలు, హంసలు, చిలకలు చాలు. ఎంగిలి చేయి కడిగే చోట దేవుడి బొమ్మ చెక్కమంటే శిల్పులే ఒప్పుకోరు.

---

అద్దకం_బల్ల:

కలంకారీకి ఒకటే సూత్రం: చేయి అందే ఎత్తు దాటాక పెట్టండి. నాలుగున్నర అడుగుల దాకా గోడకు రాతి పలకలు, ఆ పైనే బట్ట. కింద కూర్చుని లేచేవాడు గోడకు చేయి ఆనించి లేస్తాడు. ఆ చేతికి నెయ్యి ఉంటుంది.

ఎందుకంత జాగ్రత్త అంటే, పెడన బట్టను కరక్కాయ, పాలల్లో ముంచి ఆరేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసిమి దాని మీద పడగానే నల్లబడుతుంది. ఆ నలుపు కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి పుట్టింది. చింతపండు పులుసో నిమ్మరసమో తగిలితే ఆ బంధం విడిపోయి నలుపు గోధుమరంగుకు దిగుతుంది, మళ్లీ రాదు. పటిక మీద పట్టిన ఎరుపు కొంచెం గట్టిదే, కరక్కాయ పసుపు మాత్రం ఎండకు ముందు పోతుంది. అందుకని దక్షిణపు కిటికీ పక్కన, పడమటి ఎండ నేరుగా పడే చోట వేలాడదీయొద్దు.

కొనేటప్పుడు అచ్చు అతుకులు చూడండి. చెక్క అచ్చుతో వేసినదాంట్లో అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా, అక్కడక్కడా రంగు చిక్కదనంలో తేడా కచ్చితంగా ఉంటాయి. ప్రతి పువ్వూ ఒకే కొలతలో, ఒకే రంగులో వస్తే అది స్క్రీను ముద్ర. అదీ వాడుకోవచ్చు, తప్పేం లేదు. కలంకారీ ధర మాత్రం ఇవ్వొద్దు.

ఉతకడానికి కుంకుడు రసం, చల్లనీళ్లు, నీడన ఆరబెట్టడం. బట్ట మీద వార్నిష్, ప్లాస్టిక్ పూత వేయించమని ఫ్రేములవాళ్లు చెప్తారు. ఒప్పుకోకండి, ఏడాదికే పసుపెక్కుతుంది, పూత కింద చిక్కిన దుమ్ము శాశ్వతంగా ఉండిపోతుంది.

బంతికి జంపఖానాలు రోజువారీ వద్దు. అందంగానే ఉంటాయి, కానీ 20 అంగుళాల వెడల్పు, 10 అడుగుల పొడవు ముక్కలు నాలుగు వరసలకు 16 కావాలి, ఉతికి ఆరేలోపు మార్చడానికి ఇంకో 16. నూలు జంపఖానా మజ్జిగ తాగితే వానాకాలంలో రెండు రోజులకూ ఆరదు. పండగలకు, పెళ్లిళ్లకు ఒక జత పెట్టుకోండి. రోజూ తుంగ చాపలే మేలు. అవి కూడా 10 అడుగుల ముక్కలే. ఒకే 40 అడుగుల చాప వినడానికి గొప్పగా ఉంటుంది గానీ దులిపేవాళ్లుండరు. తడి చాపను చుట్టి పెడితే బూజు పడుతుంది, నిలబెట్టి ఆరబెట్టే కొయ్య స్టాండు ఒకటి చేయించండి.

పసుపు మరక గురించి ఒక చిట్కా. సబ్బు తగలగానే అది ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు, సబ్బు కారం వల్లే అలా అవుతుంది. జాడించి ఎండలో వేస్తే పసుపు దానంతటదే విరిగిపోతుంది. ఇది జంపఖానాలకే. కలంకారీని ఎండలో వేశారో, పసుపుతోపాటు బొమ్మ కూడా వెలిసిపోతుంది.

---

ప్రతిధ్వని:

అందరూ మరకల గురించే మాట్లాడుతున్నారు. రాతి నేల, గచ్చు గోడ, స్లాబు, ఇవన్నీ కలిస్తే హాలు మోగుతుంది. పక్కమనిషి మాట వినపడక గొంతు పెంచుతారు, వాళ్లను మించి ఇంకొకరు. సున్నపు గచ్చు మోత పీల్చుకుంటుందని కొందరంటారు. నున్నగా తోమిన గచ్చు పీల్చేది దాదాపు ఏమీ లేదు.

లెక్క చూడండి. హాలు ఘనపరిమాణం సుమారు 815 ఘనపు మీటర్లు. నేల, గోడలు, పైకప్పు కలిపి 670 చదరపు మీటర్లు. ఇంత గట్టి ఉపరితలం పీల్చేది 100కి 3 చొప్పున, అంటే 20 యూనిట్లు. మోత ఎంతసేపు ఉంటుందో లెక్కగట్టే సాబిన్ సూత్రం ప్రకారం 0.161 × 815 ÷ 20, అంటే ఖాళీ హాల్లో చప్పుడు ఆరున్నర సెకన్లు మోగుతుంది. 120 మంది కూర్చుంటే మనిషికి 0.4 చొప్పున 48 కలిసి 68 యూనిట్లు, మోత సుమారు 1.9 సెకన్లు. మాట తేటగా వినపడాలంటే 1 సెకను దగ్గరికి రావాలి, దానికి 131 యూనిట్లు కావాలి. లోటు 63.

ఈ లోటును పూడ్చేవి మీరు ఎలాగూ పెట్టాలనుకున్న తడికలూ కలంకారీయే. ఉత్త తడిక, ఉత్త బట్ట ఏమీ పీల్చవు. వెనక 50 మి.మీ. రాతి ఉన్ని (రాక్ వూల్) పలక ఉండాలి. చదరపు మీటరుకు 0.6 చొప్పున వేసుకుందాం:

పైకప్పు కింద 70 చదరపు మీటర్ల తడికలు, 42 యూనిట్లు. గోడల మీద 42 × 72 అంగుళాల కలంకారీ ఫ్రేములు 20, అంటే 39 చదరపు మీటర్లు, 23 యూనిట్లు. మొత్తం 65. సరిపోయింది.

తడిక అల్లిక మరీ బిగువుగా ఉంటే గోడే అవుతుంది. పావు వంతైనా సందులుండాలి. సందుల్లోంచి ఉన్ని పీచు ఆకుల్లో రాలకుండా తడికకూ పలకకూ మధ్య నల్లటి పలుచని నాన్‌వోవెన్ గుడ్డ వేయించాలి. బట్టకు పూత వద్దని పైన అన్నది ఇక్కడ ఇంకా ముఖ్యం. పూత పడితే గాలి దూరదు, గాలి దూరకపోతే మోత తగ్గదు. డబ్బు చాలకపోతే దీపాలు తగ్గించుకోండి, దీన్ని కాదు.

---

పల్నాటి_పొద్దు:

అందరికీ ధన్యవాదాలు. మోత సంగతి మా ఎవరి తలకూ తట్టలేదు. రెండు అనుమానాలు. తడికలకు పుచ్చు పట్టదా? తోలు దీపాల గురించి ఎవరూ చెప్పలేదేం? కమిటీలో కుర్రాళ్లకు వాటి మీదే మనసు.

---

మేదరి_గూడెం:

పడుతుంది. వెదురు లోపలి పిండి పదార్థం కోసమే పురుగు వస్తుంది. తడిక కింద తెల్లటి పొడి రాలుతుంటే అప్పటికే ఆలస్యమైనట్టు, ఆ పొడి పడేది విస్తట్లో. అందుకని అల్లకముందే మందు పెట్టించాలి. 95 లీటర్ల నీళ్లకు బోరాక్స్ 3 కిలోలు, బోరిక్ ఆమ్లం 2 కిలోలు. రెండూ ముందు బకెట్టు వేడినీళ్లలో కరిగించి కలపండి, చల్లనీళ్లలో అడుక్కు దిగిపోతాయి. చీల్చిన పేళ్లు మూడు రోజులు మునిగి ఉండాలి, తేలకుండా పైన రాయి పెట్టండి. తీసి తడి ఆరకముందే అల్లి, నీడన ఆరబెట్టాలి. ఈ మందు నీళ్లకు కడిగిపోతుంది, కాబట్టి తొట్టి పక్కన ఈ తడికలు పెట్టి లాభం లేదు.

గుర్తుంచుకోవాల్సింది: అన్నం గంపలు, సిబ్బులు అల్లేవాళ్లు కూడా ఆ మేదరులే. వాటి పేళ్లు ఈ తొట్టిలో ముంచకూడదు. విడిగా అల్లించండి, కలిసిపోకుండా అంచుకు రంగు దారం కట్టించండి.

వంటగది తలుపు నుంచి 10 అడుగుల లోపు తడికా వద్దు, బట్టా వద్దు. నూనె ఆవిరి పట్టిన వెదురుకు నిప్పురవ్వ చాలు.

---

తెరవెనక_దీపం:

తోలు దీపాలకు ముందు ఒక ప్రశ్న: ఈ హాల్లో గుడి ప్రసాదమో అన్నదానమో జరుగుతుందా? జరిగితే తోలు అనే మాట దగ్గరే కొందరు ఆగుతారు. ఆర్డరు ఇచ్చాక కాదు, ముందే ఊళ్లో అడగండి. ఒప్పుకోకపోతే అదే చిల్లుల పని ఇత్తడి రేకు మీద పెంబర్తి లోహపు పనివాళ్లతో చేయించుకోవచ్చు.

ఒప్పుకుంటే విషయం ఇది. నిమ్మలకుంటలో వాడేది ఎక్కువగా మేకతోలు. చెప్పుల తోలులాగా పదును పెట్టింది కాదు, శుభ్రం చేసి లాగి ఆరబెట్టిన పచ్చి తోలు. అందుకే వెలుగు దూరుతుంది. అందుకే తేమకు ఉబ్బుతుంది, వేడికి ముడుచుకుంటుంది. శ్రావణంలో గంజి ఆవిరి తగిలే చోట వేలాడదీస్తే హనుమంతుడి తోక వంకర తిరుగుతుంది. వడ్డన గట్టుకు 10 అడుగుల దూరం ఉంచండి. బల్బు ఎల్ఈడీయే, 7 వాట్లు దాటొద్దు. తోలుకూ బల్బుకూ అన్ని వైపులా 3 అంగుళాల ఎడం, పైన వేడి పోవడానికి 3 అంగుళాల కన్నం. తుడవడానికి పొడి మెత్తటి గుడ్డే, తడి గుడ్డ తగలకూడదు. వాడనప్పుడు దించి మూలన పెట్టారో, ఎలుకలు వదలవు.

వెలుగు మాత్రం వీటి నుంచి ఆశించొద్దు. మూడు దారుల మీద 8 అడుగులకొకటి చొప్పున 15 దీపాలు పెట్టినా ఆ హాలుకు చాలవు. తినేటప్పుడు కూరలో మిరపకాయ కనపడాలి, దానికి 150 లక్సుల (వెలుగు కొలత) వెలుగు కావాలి. అంటే 20 వాట్ల ట్యూబులు 28 దాకా విడిగా పెట్టాల్సిందే. ఇంకో ఇబ్బంది, ఎర్ర తోలు లోంచి వచ్చే వెలుగులో పెరుగన్నం గులాబీ రంగులో, పప్పు మట్టి రంగులో కనిపిస్తుంది. అడుగు భాగం తెరిచి అక్కడ వెలుగు దూరే పాలరంగు పలక పెడితే ఆకు మీద తెల్లటి వెలుగే పడుతుంది, రంగులు పక్కలకు పోతాయి. తీగతో కాకుండా ఇనుప కడ్డీతో వేలాడదీయండి, ఫ్యాను గాలికి ఊగితే గోడల మీద నీడలు తిరుగుతాయి, తినేవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

15 వద్దు, బల్లల దారి మీద 5 పెట్టండి. కుర్రాళ్ల ముచ్చట తీరుతుంది.

---

అంకుడు_కర్ర:

ఏటికొప్పాక గుబ్బల గురించి రెండే మాటలు. అంకుడు కర్ర మీద లక్క బాగా నిలుస్తుంది, నీటి చుక్కలకు భయం లేదు. భయం శానిటైజరుతో. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. చేతికి శానిటైజరు రాసుకుని అదే చేత్తో అల్మారా తీస్తే కొన్నాళ్లకు గుబ్బ జిగటగా మారి దుమ్ము అంటుకుంటుంది. సోడా కలిపిన నీళ్లు కూడా లక్కను తింటాయి. వేడి గిన్నెలు దించుకునే కుదుళ్లుగా లక్క సామాను అసలు వాడొద్దు, మెత్తబడి గిన్నెకు అంటుకుంటుంది. తొట్టికి దూరంగా ఉన్న అల్మారాలకు, సంచులు తగిలించే కొక్కేలకు హాయిగా వాడండి.

---

నాపరాయి_మేస్త్రి:

గచ్చు గురించి అడిగారు కదా, మిగిలిపోయింది. పిడుగురాళ్ల సున్నం దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి వాడండి, కానీ నాలుగున్నర అడుగుల పైనే. కాల్చిన సున్నాన్ని నీళ్లలో విరిచి, జల్లెడ పట్టి, నీటి కింద రెండు వారాలైనా నాననివ్వాలి. సరిగ్గా విరగని పలుకు ఒక్కటి మిగిలినా గోడెక్కాక ఉబ్బి, రూపాయి బిళ్లంత పెచ్చు ఎగరగొడుతుంది. సున్నం 1, ఇసుక 3. కలిపే నీళ్లు కరక్కాయ, బెల్లం నానబెట్టినవి. సిమెంటులాగా వారంలో అయిపోదు, గాలి పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. తొందరపడి పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టారంటే ఆ గాలి ఆగిపోతుంది, గచ్చు లోపల మెత్తగానే ఉండిపోతుంది.

---

అద్దకం_బల్ల:

కార్తీకం లోపు అన్నారు కాబట్టి తేదీల సంగతి. పెడన పనికి ఎండా, పారే నీళ్లూ కావాలి. వానలు పట్టాక ఆరబెట్టడం కుదరక పని నత్తనడక నడుస్తుంది. బట్ట జూన్ లోపు చేతికి వచ్చేలా ఆర్డరు ఇవ్వండి. ఫ్రేముకు 72 అంగుళాలు, మడతకు 8, ఉతికితే కుదించుకునేదానికి 4. అంటే 7 అడుగుల చొప్పున 20 ఫ్రేములకు 140 అడుగులు, దాదాపు 43 మీటర్లు. రెండు ముక్కలు తప్పిపోయినా సరిపోయేలా 48 చెప్పండి. రాగానే ఒకసారి కుంకుడు రసంలో ముంచి ఆరేశాకే కత్తెర పెట్టండి. ముందు కోసి తర్వాత ఉతికితే ఫ్రేము అంచున ఉన్ని పలక బయటపడుతుంది. మేకులతో కొట్టించకుండా వెల్‌క్రో పట్టీ పెట్టించండి, ఏడాదికోసారి దించి ఉతకాలి కదా.